గీత

రాయవరం మిట్టన
పలక గని పారబోసిన పెంకుల దిబ్బమీద
ఓబుల్రెడ్డి తీగ నాటిస్తానంటే
మేమంతా కొంగులడ్డం పెట్టుకుని నవ్వినాం.

"ఇటలీది. తెల్లద్రాక్ష. ఫియానో."
పియ్యానా? అంది తిరపతమ్మ.
కాదు, కింది పెదవిమీద పన్ను ఆన్చి ఊదు.
ఊదబోతే
మా గారపళ్ళన్నీ బయటపడినై.

వాళ్ళ దేశంలో అది చలికాలమంతా నిద్రపోతదంట.
ఇక్కడ యాడిది నిద్ర?
మార్గశిరంలోనూ మిట్ట కాలుతుంటది.
అందుకే రెండుమార్లు కత్తిరిస్తాం,
చైత్రంలో కట్టె కోసం, ఆశ్వయుజంలో కాయ కోసం.
కత్తెర పడ్డచోట నీరు కారుతది
రెండ్రోజులు, బొట్టు బొట్టు.
కంటికి మందు పూసి మొగ్గను లేపుతాం.
చేతుల మంట సబ్బుకు పోదు.

బోరునీళ్ళు మావే,
నా మోకాళ్ళను వంచిన నీళ్ళే.
డ్రిప్పులో చుక్కచుక్కా అవే తాగి
తీగ మాత్రం నిటారుగా పందిరెక్కింది.
వేరు దానిది కాదులే.
కింద మొండి అడివి వేరు, పైన ఇది, అంటుకట్టు.
పలక పొరల సందున
గోరు దూరనిచోట దూరింది.

మూడో ఏడు కాసింది.
బఠాణీలంత కాయ, మందం తోలు, గింజలు.
మండీ షావుకారు నోట్లో వేసుకుని ఉమ్మేసినాడు,
"ఇదేం ద్రాక్షమ్మా, గుర్రాలకా?"
తేనెటీగలకు ఎవరు చెప్పినారో
నల్లమల దిగి వచ్చినై.
"పూర్వం అక్కడా దీన్ని ఈగల ద్రాక్ష అనేవాళ్ళంట"
ఓబుల్రెడ్డి మురిసిపోయినాడు.
ఒక ఈగ ఆయన చెవి కుట్టింది.

వరస మొదట్లో పేరు రాసి పాతాలంట.
పలకముక్క నా చేతికిచ్చి "నువ్వే రాయి" అన్నాడు.

ఇరవైరెండేళ్ళు పలకలు కోసినదాన్ని.
అంచులు రుద్ది, చట్రం కొట్టి
డజన్ల లెక్కన గడ్డిపెట్టెల్లో సర్దినదాన్ని.
ఏ ఊరి పిల్లకాయలు వాటిమీద దిద్దుకున్నారో.
బలపం ఎటు పట్టాలో నాకు తెలీదు.

తిరపతమ్మ మనవరాలు వేలు పట్టుకుంది.
ఫ కింద గీత మర్చిపోయినా.
"అవ్వా, పియానో అయింది" అని
అది పడీపడీ నవ్వింది.
పియానో అంటే ఏందో నేనడగలే.
గీత పెట్టినా.

రాత్రి జల్లు పడింది.
తెల్లారి చూస్తే పలక
నల్లగా, నున్నగా, గనిలోంచి ఇప్పుడే తీసినట్టు.
పక్కన తీగ తన పాటికి తను
ఇంకో చిగురు వేసి ఉంది.

కొంగుతో తుడిచి కూర్చున్నా.
ఈసారి గీత ముందు పెట్టి
అక్షరం దానిమీద నిలబెట్టినా.