పచ్చముల్లు

శుక్రవారం పొద్దుగూకినంక
సిత్రా వంతెన పక్క పాత జెట్టి మీద
మేం ముగ్గురం, ఒక పెయింటు డబ్బా, రెండు గాలాలు.
ఎర రొయ్యలు కొందామంటే అర దినారు.
రాత్రి మిగిలిన ఖుబ్బూస్ తడిపి ముద్ద చేసి గుచ్చేది.

నేను మెట్‌పల్లోన్ని.
నాకు తెలిసిన చేపలు మూడు: రవ్వ, బొచ్చె, కొర్రమట్ట.
ఉప్పు నీళ్లల్ల ఇన్ని మొఖాలుంటయని
ఎవరు చెప్పిన్రు నాకు?
ఏది పైకొచ్చినా ఒకటే అడిగేటోన్ని:
"కొర్లయ్యా, ఇది తినొచ్చునా?"

మైలపల్లి కొర్లయ్య వెల్డరు. భావనపాడు కాడి మనిషి.
చేప కంటికి ఆనకముందే, దారం గుంజే తీరుకే
పేరు చెప్పేటోడు.
"సాఫీ. ఈపు మీద ముల్లుంటాది, గుచ్చిందా
తెల్లార్లూ ఏడుత్తావు. ముందు ముల్లు కోసీ, తరవాత పులుసెట్టీ."
"షేరీ. ఏపుకో. ఏటీ ఎయ్యక్కర్లేదు, ఉప్పు సాలు."
బంతి లెక్క ఉబ్బి పండ్లు కొరికేదాన్ని మటుకు
చెప్పుకాలితోని నీళ్లల్లకు నూకి
"దీన్ని కాకి కూడా ముట్టదురా" అన్నడు.
జెట్టి కింద తిరిగే పిల్లికి సుత పెట్టనియ్యలే.

పవర్‌హౌస్ వేడి నీళ్లు కలిసే కాడ
చేపలు బలిసి, గాలమేస్తే సాలు ఎగబడ్తయి.
అక్కడ మాత్రం ఎయ్యనియ్యడు.
"కడుపు సీల్చి ముక్కు కాడెట్టుకో.
కిరసనాయిల కంపు కొట్టిందా, ఎంత లావున్నా మనది కాదు."
డబ్బా నిండని రోజుల్ల
ఆ మాట మీద నాకు కోపమొచ్చేది.

హాజీ మక్కీ అని ఒక ముసలాయన
మడత కుర్చీ, థర్మాస్ తెచ్చుకొని కూసునేటోడు.
జెల్ల పడ్డప్పుడల్లా తల అడ్డంగ ఊపి,
పొలుసు లేనిది మాకు కాదని సైగ చేసి
మా డబ్బాల ఏసేటోడు. పైన ఒక నిమ్మకాయ.
ఆ రాత్రి రూముల జెల్ల పులుసు.
పన్నెండు మందిమి, మంచం కోళ్ల కాడ పళ్లాలు.
చింతపండు నాది, కారం కొర్లయ్యది,
చేప ఆయన వద్దన్నది.

ఒకనాడు సూదిమూతిది పడ్డది, మూరెడు పొడుగు.
కొర్లయ్య నైట్ డ్యూటీల ఉండె. నేనే వండిన.
మొదటి ముక్క ఇరువంగనే లోపట ముల్లు పచ్చగ!
సీసపెంకు లెక్క పచ్చగ, తోక దాక.
లింబాద్రి పళ్లెం నూకేసిండు.
ఇంకోడు గొంతుల ఏలు పెట్టుకున్నడు.
"ఏం తినవెట్టినవురా మాకు" అని అందరు నా మీదికే.
తెల్లారి ఐదింటికి కొర్లయ్య వచ్చిండు.
బూట్లు ఇప్పకుండనే గిన్నె ముందటేసుకొని
సల్లవడ్డ పులుసు మొత్తం తిన్నడు.
ముళ్లు ఒక్కొక్కటే కడిగి కిటికీల ఎండవెట్టిండు.
"పుట్టుకే దీనిది పచ్చ. దానికి మనమేటి సేత్తాం."

ఆ ముళ్లు ఇంక ఉన్నయి.
కొర్లయ్యను సౌదీ సైటుకు పంపిండ్రు, జుబేల్ దిక్కు.
"సముద్రం ఉంది గానీ గేటు కూడా ఉంది" అన్నడు ఫోన్ల.

నిన్న, కొత్తగ వచ్చిన ఆదోని పోరడు,
గాలం పట్టుడు సుత సరిగ రాదు,
నేను ఎన్నడు చూడనిదాన్ని పట్టిండు.
పసుపు చారలు, దవడ మీద నీలం చుక్క.
"అన్నా, ఇది తినొచ్చా?"

పొలుసు చూసిన. ఈపు ముల్లు చూసిన. వాసన చూసిన.
హాజీ దిక్కు చూస్తే ఆయన కుర్చీల కునుకు తీస్తున్నడు.
ఫొటో తీసి కొర్లయ్యకు పంపిన.
ఒకటే టిక్కు పడ్డది.
చేప నా అరచేతిల నోరు తెరుస్తున్నది, మూస్తున్నది.
తెల్వదు అని చెప్పుడు
ఇంత బరువుంటదని అప్పుడెరికైంది.

నీళ్లల్ల ఇడిసిపెట్టిన.
పోరని మొఖం చిన్నగైంది.
"ఆకలవుతాందన్నా" అన్నడు.
డబ్బాల జెల్ల ఉన్నదని చెప్పిన.
నిమ్మకాయ చూపెట్టిన.