ఐదో నంబరు కట్టె

పేరుకే కట్టె. తలంతా ఉక్కు.
అడుగున గీతలు, మెడ దగ్గర కాస్త తుప్పు,
గ్రిప్ మీద రెండుచోట్ల కరెంటువాళ్ల నల్ల టేపు.
చల్లఘట్టలో వాన వెలిసిన ఒక పొద్దున
కేడీ మునిరత్నం దాన్ని తువ్వాలులోంచి తీసి
గొడుగు అరువిచ్చినంత మామూలుగా చేతికిచ్చాడు.
"పన్నెండు వందలు మేడం, బేరం వద్దు.
మీరు కొట్టేది కొట్టండి, మిగతాది అది చూసుకొంటాది."

నేను ఆడిటర్ని. ముప్పై ఒక్క ఏళ్లు
ఎర్ర సిరాతో అంకెల చెవులు మెలేసినదాన్ని.
మిగతాది ఇంకెవరో చూసుకుంటారంటే
ముందు వోచరు చూపించమంటాను.

మొదటి దెబ్బ మడమకి తగిలింది.
వేళ్లకి తెలిసింది, మోచేతికి తెలిసింది,
బంతికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.
సిల్వర్ ఓక్‌ల పైకి లేచి
కుడికి వెళ్దామా అని కొంచెంసేపు ఆలోచించి
మనసు మార్చుకుని ఫెయిర్‌వే మీదే దిగింది.
పైన హెచ్ఏఎల్ విమానం ఒకటి ఊరికే గర్జించి పోయింది.

దీన్ని ఎరగనివాళ్లు అక్కడ తక్కువని తర్వాత తెలిసింది.
పళ్ల డాక్టరు జయతీర్థ దీంతోనే
రాజకాలువ దాటించాడట, కళ్లు మూసుకుని.
ధ్యానమని ఆయన, భయమని మునిరత్నం.
పాత్రల షాపు సోలంకి
ముప్పై వేలు పోసి కొత్తది కొని, దీన్ని వదిలించుకుని,
మూడో నెల దీన్నే అడిగాడు నన్ను,
ఒక్క హోల్‌కే, అదీ ఎవరూ చూడని పదమూడోదానికి.
బైపాస్ తర్వాత సగం స్వింగే మిగిలిన కల్నల్ పొన్నప్ప
దాని నెత్తిన వేలితో తట్టి
"సగం ఇస్తే ముప్పాతిక తెచ్చేది" అన్నాడు.
ఏ బ్యాంకూ ఇవ్వదు ఆ వడ్డీ.

ఆగస్టులో ఉరుములకి ఆట ఆపేశారు.
షెడ్డులో తోచక భూతద్దం తీశాను, పాత జబ్బు.
దాని ముఖం నిండా మేమే ఉన్నాం.
మడమ దగ్గర గుంపుగా నావి,
బొటనవేలి వైపు డాక్టరువి,
కింది అంచున సన్నగాట్లు, కల్నల్‌వి కాబోలు.
అందరి తప్పులూ ఉన్నాయి, ఎవరి పేరూ లేదు.
వాటన్నిటికీ అడుగున, సరిగ్గా నడిమధ్య,
రూపాయి బిళ్లంత చోటు నున్నగా అరిగి ఉంది.
వందలసార్లు, కాదు, వేలసార్లు
ఒకే చేయి, ఒకేచోట.

"ఇది ఎవరు?" అన్నాను.
మునిరత్నం ఖారా బన్ను తుంచుతూ
వాన వైపు చూశాడు.
"సోమవారాలు మమ్మల్ని ఆడనిస్తారు కదా మేడం.
అప్పుడు కళ్లు బాగుండేవి.
ఇప్పుడు ఒక బంతి పెడితే రెండు కనిపిస్తాయి.
ఏది కొట్టేది?"
క్షమించే అవసరమే రాని మనిషి దగ్గర
అది అన్నేళ్లు ఏం చేసిందో!

తర్వాతి సోమవారం తెల్లారకుండా వెళ్లి
కట్టె అతని చేతిలో పెట్టాను.
వద్దన్నాడు. రెండోసారి వద్దనలేదు.
చెప్పులు విప్పి, తడిగడ్డిలో కాళ్లు నిలదొక్కుకుని,
గడియారం ముల్లులా నిదానంగా వెనక్కి ఎత్తి, కొట్టాడు.

మడమ.
ఆ శబ్దం నాకు బాగా తెలుసు, నా ఇంటి తలుపు చప్పుడంత.

"ఎక్కడ?" అన్నాడు, ఆకాశంలోకి చిట్లించి.
బంతి కుడివైపు రఫ్‌లో ఉంది,
ఫెయిర్‌వేకి పన్నెండు అడుగుల అవతల, తుంగలో.
"నడిమధ్యలో" అన్నాను.
ముప్పై ఒక్క ఏళ్లలో
రసీదు లేకుండా నేను రాసిన మొదటి పద్దు.

అతను కట్టెను తుడిచాడు,
బ్యాగ్ భుజాన వేసుకున్నాడు,
ఏమీ అనకుండా
తిన్నగా కుడివైపు తుంగలోకి నడిచాడు.