కారెక్కడ పెట్టావు?

మూడోసారీ తప్పాను.
పరీక్ష పెట్టినాయన మర్యాదస్తుడు.
"రివర్స్‌లో కాస్త సాధన కావాలి" అంటూ
కాగితం చేతికిచ్చి కిటికీలోంచి బయటికి చూశాడు,
ఏడుస్తానేమోనని.
ఏడవలేదు. ఆకలేసింది.

బీవర్టన్‌లో ఎర్ర లైను రైలెక్కాను.
కాసేపటికి సొరంగం,
కొండ కడుపులో ఒకే ఒక్క స్టేషను.
రెండేళ్ళుగా దాన్ని దాటిపోతూనే ఉన్నాను,
గుక్క తిప్పుకునేలోగా వచ్చిపోయే వెలుతురది.
ఇవాళ తలుపు తెరుచుకోగానే
కాళ్ళు దిగిపోయాయి, నన్నడక్కుండా.

రెండువందల అరవై అడుగుల లోతు.
ప్లాట్‌ఫారం గోడ పొడవునా
కొండను తొలిచి తీసిన రాతికడ్డీ పడుకోబెట్టారు,
పక్కనే లక్షల ఏళ్ళ లెక్కలు.
నా మూడు పరీక్షల్నీ అందులో వెతికాను.
వెంట్రుక మందం కూడా లేవు.
అయినా కడుపుమంట తగ్గలేదు.

ఈ లిఫ్టుకి అంతస్తులు లేవు, ఎత్తే ఉంది.
నాలుగొందల యాభై, ఐదొందలు, ఆరొందలు...
జూకి పోతున్న పిల్లాడొకడు
అమ్మ చెయ్యి వదిలేసి గట్టిగా చదివాడు.
తలుపు తెరిస్తే వాన.

పోర్ట్‌లాండ్ వాన కురవదు,
నిలబడి ఉంటుంది.
మా ఏలూరు వానైతే
తలుపులన్నీ బాదుకుంటూ వచ్చి
అంతే కోపంగా వెళ్ళిపోయేది.
ఇది మాత్రం సగంలో వదిలేసిన మాటలాగా
ఆకు నుంచి ఆకుకి జారుతుంది.

చెట్ల మీద నీలం గుర్తులు చూసుకుంటూ నడిచాను.
పరీక్ష కోసమని వేసుకొచ్చిన పల్చటి బూట్లు.
బురద లోపలికొచ్చి పలకరించింది.
ఫెర్న్ చిగుళ్ళు చుట్టచుట్టుకుని
నూనెలో వెయ్యని జంతికల్లా ఉన్నాయి
(ఆకలిమీదున్న మనిషికి అడవంతా వంటిల్లే).
బాట మధ్య మాగిన అరటిపండొకటి కదిలింది.
వంగి చూస్తే నత్త. గుల్ల లేదు.
ఎంత నిదానమో!
వెనకనుంచి ఎవరూ హారన్ కొట్టట్లేదు దానికి.

వంపు తిరగ్గానే నలుగురు మనుషులు
దేవదారు మెడకి చుట్టుకున్న ఐవీ తీగని కోస్తున్నారు.
"గోడలకి అందమని తెచ్చుకున్నాం,
ఇప్పుడు అడవినే అడుగుతోంది" అంది
వాళ్ళలో పెద్దావిడ, డార్లీన్.
"మాకూ ఉంది ఇలాంటిదొకటి,
వయ్యారిభామ అంటాం" అన్నాను.
అర్థం చెప్పమంది. చెప్పాను.
"అంత దొంగమొక్కకి అంత ముద్దుపేరా!" అని నవ్వి
తడి చేతితొడుగులు నా మీదికి విసిరింది.

తీగ పట్టుకుని వెనక్కి నడవాలి.
పాత లంగా అంచు కుట్టు ఊడుతున్నట్టు
పరపరమంటూ నేలనుంచి లేచొచ్చింది.
భుజం మీంచి చూసుకుంటూ
పదడుగులు తిన్నగా వెళ్ళాను.
పదకొండో అడుగుకి
ఫెర్న్ పొదలో కూలబడ్డాను.
ఎవరూ కాగితం మీద ఏమీ రాసుకోలేదు.

"కారెక్కడ పెట్టావు?" అంది డార్లీన్.
ఈ ఊళ్ళో అది పలకరింపు,
మనకి 'భోంచేశారా' ఉన్నట్టు.
"నేల కింద" అన్నాను.
ఒక్క క్షణం నా మొహంకేసి చూసి,
"నాదీ అక్కడే,
ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉంది" అంది.
సంచిలోంచి సగం శాండ్‌విచ్ తీసిచ్చింది.
లోపల ఏముందో అడగలేదు. తిన్నాను.

టికెట్టుకి ఇంకా పదకొండు నిమిషాల ప్రాణం.
లిఫ్టులో ఒక్కదాన్నే.
ఆరొందల తొంభై, ఆరొందలు, ఐదొందలు,
అంకెలు వెనక్కి నడుస్తున్నాయి.
ఈసారి నేను చదివాను, పైకే.

రైల్లో ఎదుటి సీటు కుర్రాడు
నా బూట్లు చూసి కాళ్ళు ముడుచుకున్నాడు.
జేబులో పరీక్ష కాగితం
తడిసి ముద్దయింది,
తప్పులెక్కడో ఒప్పులెక్కడో తెలియనంతగా.

నాలుగో పరీక్షకి జూన్‌లో తేదీ దొరకొచ్చట.
ఈలోపు మంగళవారాలు ఖాళీ లేవు నాకు.