రెండు వేళ్ళ సందు

అజ్మాన్ ఖోర్ ఒడ్డున, ఎండకి చెక్కపొట్టు ఉడికి
టేకు వాసన ముక్కుకి అంటుకున్న పూట
ఇంజనీరు గారి కాగితం తెచ్చాడు మొయిదు మేస్త్రి.
వంటగది: ఆరడుగులు, నాలుగున్నర. గట్టు ఎత్తు మూడు.
గీతలన్నీ నిటారుగా ఉన్నాయి.
కాగితం మీద సముద్రం లేదు.

నాది తాళ్ళరేవు. పడవకి పక్కటెముకలు వేయడం తెలుసు,
దాని పొట్టలో వంటిల్లు కట్టడం ఇదే మొదలు.
మా వైపు పడవల్లో పొయ్యంటే మట్టి నింపిన రేకు డబ్బా.
గాలి మళ్ళితే అదీ మళ్ళేది,
ఆ పూటకి అటుకులే.

అందుకని ముందు వండేవాణ్ణి పిలిపించాను.
జుసబ్ కాకా. కచ్ మాండవి మనిషి, పొట్టి.
నలభై ఏళ్ళుగా ఒంటికాలి మీద వండుతున్నానంటాడు,
రెండోది గోడకి తన్నిపెట్టడానికట.
"నిలబడు కాకా, రొట్టె వత్తుతున్నట్టు."
మోచేతికి బెత్తెడు దిగువన సుద్దగీత పెట్టాను,
ఇంజనీరు గారి గట్టు కన్నా మూడు వేళ్ళు తక్కువ.
"తిరుగు." తుంటి నుంచి తుంటికి కొలిచి
అటో పిడికిలి, ఇటో పిడికిలి వదిలాను.
మరీ ఇరుకన్నాడు మేస్త్రి.
ఇరుకే కావాలన్నాడు కాకా,
"పడదామన్నా చోటుండకూడదు."

గ్యాసు బండ లోపల వద్దన్నాను.
అది గాలి కన్నా బరువు, నీళ్ళలా దిగి
అడుగు చెక్కల కింద పడుకుంటుంది
ఒక్క అగ్గిపుల్ల కోసం.
డెక్కు మీద గూడు కట్టి, గూటికి కన్నం పెట్టి
దానికి బయటి దారి చూపించాను.
కాగితంలో లేని గూడు. ఆ రోజు నుంచి
మేస్త్రి నాతో మాటలు మానేశాడు.

పళ్ళేలు నిలబడడానికి గాట్లు. ఉల్లిపాయలకి వల సంచి.
పైకెత్తి లాగితే గానీ రాని సొరుగులు.
పసుపుకి, జీలకర్రకి, ధనియాలకి
డబ్బా డబ్బాకీ ఓ గుంట.
చింతపండుకి కాకా అడగలేదు.
నేనే తవ్వాను.

పొయ్యిని మాత్రం రెండు ఇత్తడి శీలలకి వేలాడదీసి
కింద సీసం కట్టాను.
పోటు వచ్చి పడవ తేలిన శుక్రవారం
తెరకొయ్యకి తాడు కట్టి పన్నెండు మంది లాగారు.
గోడలు వాలాయి, కిటికీలోకి నీళ్ళు ఎక్కొచ్చాయి,
ఎవడిదో చెప్పు ఈ మూల నుంచి ఆ మూలకి నడిచింది.
గిన్నెలో చాయ్ తన మట్టం తాను పట్టుకుని
ఎవరి మాటా విననట్టు మరుగుతూనే ఉంది.
మేస్త్రి గ్లాసు అందుకున్నాడు, గుటక వేశాడు.
పదకొండు రోజుల తర్వాత మొదటి మాట:
"చక్కెర తక్కువైంది."

ఇక గట్టు అంచు.
గిన్నెలు జారకుండా చుట్టూ రెండు వేళ్ళ ఎత్తు చెక్క,
మూలల్లో అతుకు కనబడకుండా చిత్రిక పట్టి
నా పనికి నేనే మురిసిపోయి చూపించాను.
కాకా గుప్పెడు పిండి చల్లాడు, అరచేత్తో ఊడ్చాడు.
పిండి మూలకెళ్ళి ఇరుక్కుంది.
"దీన్నెలా తీసేది, నజ్జార్?"
నాలుగు రోజుల పని. మాట్లాడకుండా రంపం తీసుకుని
మూలన రెండు వేళ్ళ సందు కోశాను.
మళ్ళీ ఊడ్చాడు. అందులోంచి
పిండి అతని రెండో చేతిలోకి రాలింది.
అప్పుడడిగాడు నా పేరేమిటని.

ఇప్పుడా పడవ సలాలా దారిలో ఉందో, బెర్బెరా రేవులో ఉందో.
చింతపండు గుంటలో ఏం పోసుకున్నాడో కాకా.

క్యాంపులో పదహారు మందికి రెండు పొయ్యిలు,
నా వంతు రాత్రి తొమ్మిదిన్నరకి.
స్టీలు గట్టు. అంచూ లేదు, సందూ లేదు.
బియ్యం కడిగి, ఒలికిన నీళ్ళని
అలవాటుగా మూలకే తోస్తాను,
అవి నా కాళ్ళ మీద పడతాయి.