కాటా చీటీ

ఆసుపత్రి మిషను నూట ఇరవై కాడే చేతులెత్తేసింది.
ఆదోని యార్డులో, బుడ్డల మూటల పక్కన
కాటా ఎక్కి దిగినాడు మద్దిలేటి.
నూట నలభై ఆరు.
చీటీలో ‘సరుకు’ గడి ఖాళీగా వదిలినారు.

నాకు కావాల్సింది ఒక్క చుక్క.

వెంట్రుకకన్నా సన్నని సందులో
రుమాలు మాదిరి మడుచుకొని దూరాల్సిన ఎర్రకణం
ఇతనిలో భుజాలు ముడవలేకపోతోంది.
దాని పొరలోని కొవ్వు,
మార్గశిరం తెల్లారుజామున
అతని బజ్జీల బండి కింద
పేరుకున్న పామాయిల్ డబ్బా.

“నెత్తురు గూడా లావైందా, మేడం?”
“లావు గాదబ్బా, బిగుసుకుంది.”
“బస్సు వాకిట్లో నా మాదిరే” అని నవ్వినాడు.

పొద్దున్నే పొట్లం పంపినాడు.
తినలేదు. పారెయ్యలేదు.
నూనె తాగిన పేపరును వెలుతురుకు పట్టుకుంటే
వెనక పేజీ అక్షరాలు
తిరగబడి కనిపించినాయి.