నీళ్ళ పద్దు

డెబ్బై అయిదేళ్ళ సంచికకి
చర్చి చరిత్ర రాయమన్నారు నన్ను.
పాస్టర్ల పేర్లు, వాళ్ళున్న సంవత్సరాలు,
ఫ్యాన్లు ఇచ్చినవాళ్ళ జాబితా,
రెండు పేజీలు మించొద్దని
సెక్రటరీ జెఫన్యా ఫోన్లో రెండుసార్లు చెప్పాడు.

బీరువాలో పాత మినిట్స్ పుస్తకాలు.
చెదలు తిన్నంత తిన్నాయి,
మిగిలినదంతా నీళ్ళ గురించే.

నెత్తిన చిలకరించుకునే సంఘాలకి
ఒక చెంబు చాలు.
మేం నిలువునా మునగాల్సినవాళ్ళం,
వాన దారి తప్పితే తప్ప రాని సీమలో.

మొదట వచ్చింది గ్యాంగ్‌మన్ పెంచలయ్య.
నెల్లూరు దిక్కు నుంచి పాకాల జంక్షన్‌కి బదిలీ,
ఒక ట్రంకుపెట్టె, ఒక పెళ్ళాం, అట్ట ఊడిన పాటల పుస్తకం.
క్వార్టర్స్ వెనక పాత స్లీపరు చెక్కల మీద
ఆదివారం కూర్చునేది అయిదుగురు.
ఆరో మనిషి మునెమ్మ,
పట్టాల పక్కన బొగ్గు ఏరుకునేది.
వాక్యానికి కాదు, నీడకి కూర్చుంది.
ఏడు నెలలు అట్లా కూర్చుని
"నన్ను కూడా ముంచు నాయనా" అనింది.

ఎక్కడ ముంచేది?
మామిడితోట కపిలబావి ఆసామి
"దూరం నుంచి ఎన్ని బిందెలైనా పోస్తా,
దిగితే ఎట్లా, మా ఇంట్లో తాగేది గదా" అన్నాడు.
మర్యాదగానే అన్నాడు.
చెరువు ఆ యేడు నెర్రెలిచ్చి ఉంది.

చివరికి రాత్రి గూడ్సుకీ తెల్లారి ప్యాసింజరుకీ నడుమ
లోకోషెడ్డులో ఇంజన్లకి నీళ్ళు పట్టే తొట్టి.
ఫోర్‌మన్ అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు.
అదీ ఒక కానుకే,
కానుకల పుస్తకంలో ఎవరూ రాయలేదు.

తెల్లగా లేస్తావని చెప్పి ముంచితే
మసి పూసుకుని లేచిందంట మునెమ్మ.
లాంతరు వెలుగులో పళ్ళు మాత్రం కనిపించాయంట.
రూతమ్మ అని పేరు పెడదామా అని అడిగితే
"మునిగినాక మునెమ్మ గాక ఇంకేమవుతా" అనిందంట.

తర్వాత గోడలొచ్చాయి,
ఇంటికొక బండెడు రాయి.
రేకులు, ఆ రేకులు లేచిపోయిన గాలివాన,
మళ్ళీ రేకులు.
గంట బదులు ఒక రైలుపట్టా ముక్క.

రెండో పుస్తకంలో పదకొండు నెలలు ఖాళీ.
ఆ పదకొండు నెలలూ తలుపుకి రెండు తాళాలు,
ఒకటి మనది, ఇంకొకటీ మనదే.
ఎందుకని మా జేజిని అడిగితే
"హార్మోనియం" అని ఊరుకుంది.

నా వంతు వచ్చిన యేడు పెద్ద కరువు.
సిమెంటు తొట్టిలోకి అర ట్యాంకరే దొరికింది.
మోకాళ్ళ లోతు.
ఒబేదు అయ్యగారు తనూ మోకాళ్ళ మీద కూర్చుని
కాళ్ళ మీద పసిబిడ్డకి నీళ్ళు పోసినట్టు
నన్ను వెల్లకిలా తిప్పి ముంచాడు.

నాకు తెలియని సంగతి ఇప్పుడు పుస్తకంలో చదివాను,
ఆయన గుండ్రటి చేతిరాతలో:
"పద్నాలుగో తీర్మానం. కుమారి తబిత ఎడమ మోచెయ్యి
తడవలేదని పెద్దలలో అభ్యంతరము వచ్చినది.
గంటన్నర చర్చించితిమి.
వానలు పడిన పిమ్మట మరల చూచెదము."

మరల చూడలేదు.
అడిగినవాళ్ళూ, రాసినవాళ్ళూ
రైలుకట్ట అవతల పక్కపక్కనే పడుకుని ఉన్నారు.

మీటరుగేజీ పీకేశారు.
మా గంట ఏ దారి నుంచి తెగిన ముక్కో
ఆ దారే ఇప్పుడు లేదు,
ఆదివారం మాత్రం మోగుతుంది.
తొమ్మిది వందల అడుగుల బోరు,
తొట్టికి నీలం టైల్సు,
వేసవిలో అదీ దగ్గుతుంది.

పాస్టర్ల పేర్లు రాశాను. ఫ్యాన్లు లెక్కపెట్టి రాశాను.
సరిగ్గా రెండు పేజీలు.
జెఫన్యా చదివి, "బాగుంది అక్కా, క్లుప్తంగా ఉంది" అన్నాడు.

చిత్తూరు బస్సెక్కేసరికి చినుకులు మొదలయ్యాయి.
అందరూ అద్దాలు దించుకుంటున్నారు.
నేను లేచి
ఎడమవైపు కిటికీ సీటు ఎవరైనా ఇస్తారా అని అడుగుతున్నాను.