నా భాగంలో మాటలు లేవు

నా భాగంలో మాటలు లేవు.
ముప్పై రెండు ఆవర్తనాలూ
జన్ జజన్ జన్, జన్ జజన్ జన్ అనడమే.
గిటారు పెట్టుకోవాల్సిన చోట నన్ను పెట్టుకున్నారు.
పక్కన ఎనిడ్ కూడా గిటారే,
కిందటేడు మోకాలు మార్పించుకున్న గిటారు.

ఫ్లీట్‌వుడ్‌లో, మంగళవారం రాత్రి ఏడింటికి,
స్కౌట్ల హాల్లో కుర్చీలు మేమే వేసుకుంటాం.
పరీక్ష లేదు. గొంతుందా అని కూడా అడగరు.
నెలకు పదిహేను పౌన్లు, టీ డబ్బులు వేరే.
మాకు నేర్పే బ్రయొనీకి ఇరవై తొమ్మిదేళ్లు.
"మర్యాదగా పాడకండి" అని కేకలేస్తుంది.
అరవై ఏళ్లుగా ఇంకేదీ నేర్చుకోనివాళ్లం,
ఎలా మానాలో తెలీక
ఒకరి మొహాలొకరం చూసుకుంటాం.

ఈ ఊళ్లో ట్రాలర్లు పోయి గొంతు బిళ్లలు మిగిలాయి.
మంచు సముద్రాల్లో జాలర్ల ఛాతీకి పట్టే చలికని
ఒకప్పుడు ఎవరో కాచిన మందు.
ఇప్పుడది దేశదేశాలకు పోతుంది, జాలర్లే లేరు.
రాత్రి షిఫ్టులో వాటిని పొట్లాలకెక్కించే పని నాది.
ఎంత రుద్దుకున్నా వాసన వదలదు.
జలుబు చేసినవాళ్లంతా రిహార్సల్లో నా వెనక వరసకు చేరతారు,
ఊరికే ముక్కులు తెరుచుకుంటాయని.
ఇంతకు మించిన గౌరవం నాకెక్కడా దక్కలేదు.

విల్ఫ్‌కు ఎడమ చెవి లేదు.
అంటే, ఉంది. వినపడదు.
ఇరవయ్యేళ్లు ఇంజను గదిలో కరిగిపోయింది.
కుడి చెవిలోనూ సగం హోరే.
అందుకని బ్రయొనీ మోచెయ్యి చూసి పాడతాడు.
అది లేస్తే గొంతు లేస్తుంది.
ఒకసారి ఆమె జుట్టు సవరించుకుంటే
ఒక్కడే ఆరున్నొక్క రాగం అందుకున్నాడు.

జులైలో సముద్రం ఒడ్డున, చెక్క వేదిక మీద కచేరీ.
అందరికీ నల్ల టీషర్టులు.
పోస్టుమాన్ నైజెల్ కళ్లకు కాటుక,
కూతురు పెట్టి పంపిందట, ఏ కంటికాకంటికే.
ఎదురుగా డెబ్బై మంది, నాలుగు కుక్కలు.
వాన మొదలైనా కదల్లేదు,
ఇక్కడివాళ్లు వానకు లేవరు.
పెట్టెలోంచి డ్రమ్ములు, మాలోంచి మిగతాదంతా.

రెండో చరణం మధ్యలో కరెంటు పోయింది.

అంత నిశ్శబ్దాన్ని మేమెప్పుడూ మోయలేదు.
ఒక్కొక్కరే జారిపోయారు.
నా జన్ జజన్ నోట్లోనే చప్పబడింది.
బ్రయొనీ చెయ్యి దించడం మరిచిపోయింది,
అది అలాగే గాల్లో ఉంది.

విల్ఫ్‌కు అది చాలు.
కరెంటు పోయిన సంగతి అతనికి తెలీదు.
ఆ డ్రమ్ములు అతని చెవిలో ఏనాడు మోగాయి గనక,
ఇవాళ ఆగడానికి?
మోచేతి మీదే చూపు నిలిపి
బండ గొంతుతో చరణాన్ని లాక్కుపోయాడు.
వల లాగినట్టు అనాలనిపిస్తుంది గానీ
అతనెప్పుడూ వల లాగలేదు,
కింద, నూనె మసిలో, ఇంజను ఆగకుండా చూసేవాడు.

ముందు ఎనిడ్ అందుకుంది. జన్ జజన్.
తర్వాత నేను.
తర్వాత నైజెల్ బూటుకాలితో చెక్కల మీద ధన్ ధన్,
కాటుక వానకు చెంపల మీదికి దిగుతుంటే.
ఆ వెనక ముప్పై జతల కాళ్లు.
శ్రుతి జారింది. అందరం కలిసే జారాం,
కలిసి జారితే అంతగా తెలీదు.

ఆఖరి పల్లవిలో ఉండగా కరెంటొచ్చింది.
పెట్టె పాటను మొదటినుంచి ఎత్తుకుంది,
మాకంటే అర మెట్టు పైన,
పెళ్లయ్యాక వచ్చిన మేళంలాగా.
కుక్కలు మొరిగాయి.
నవ్వాపుకోలేక సగం మందికి చివరి కేక రాలేదు.
విల్ఫ్ పెట్టాడు, మొత్తం, ఒక్కడే,
ఆ మోచెయ్యి కిందికి దిగేదాకా.

తర్వాత గోడ మీద కూర్చుని చిప్స్ తింటూ అన్నాడు:
"ఇవాళ డ్రమ్ములు బాగా వినిపించాయి. కాళ్లలోకి."
ఎనిడ్ అతని కుడి చెవివైపు వంగింది,
ఏదో చెప్పబోయి
వెనిగర్ సీసా అందించింది.

ఆ రాత్రి ప్యాకింగ్ యంత్రం
దాని లెక్కన అది డబ్ డబ్ అంటోంది.
నేను జన్ జజన్ జన్ అన్నాను, పైకే.
సూపర్‌వైజరు తలుపు తీసి
కాసేపు నావైపు చూసి,
గొంతు పట్టేసినట్టుంది, ఓ బిళ్ల వేసుకో అంది.